ఎప్పటిదాకా?

మా అమ్మ వంటింటి గుమ్మం పక్కన వెంకట్రామా క్యాలెండర్ వేలాడుతుంటుంది. పాలవాడి నాగాలు, గ్యాస్ బండ మార్చిన తారీఖు, ఎవరింట్లో పెళ్ళి, ఎవరి తద్దినం, అన్నీ దాని మీదే. అందులో ఒక్క తారీఖుకి మాత్రం ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన సన్నగా ‘అబ్బాయి వీసా’ అని రాస్తుంది. 2018 దాకా ఆ సున్నా ఆగస్టు పేజీలో ఉండేది. 2019 నుంచి మే నెలకి మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను థాయ్‌లాండ్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఊరి పేరు నఖోన్ పథోమ్. బ్యాంకాక్‌కి పడమటగా గంట ప్రయాణం. పేరు మనకి తెలిసిందే, కాస్త విడదీస్తే ‘నగర’, ‘ప్రథమ’. ఊరి మధ్యలో 120 మీటర్ల పైచిలుకు ఎత్తున నారింజరంగు పెంకులు కప్పిన పెద్ద స్తూపం. రైలు దిగితే మొదట కనబడేది అదే. బాపట్లలో ఎవరికైనా ‘థాయ్‌లాండ్‌లో ఉంటున్నా’ అని చెబితే మాత్రం ఒక రకమైన నవ్వు నవ్వుతారు. ఆ నవ్వుకి సమాధానం చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది.

2015లో వచ్చాను. అంతకుముందు విజయవాడలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదింటికి స్టడీ అవర్, మధ్యలో పాఠాలు. ఎమ్మెస్సీలో నాతో చదివినవాడొకడు అప్పటికే ఇక్కడ ఉన్నాడు. ‘ఇంగ్లీష్ ప్రోగ్రామ్ అని ఉంటుందిరా, లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చెప్పాలి, అందుకు బయటి దేశాల వాళ్ళని తీసుకుంటారు, సాయంత్రం నాలుగున్నరకి ఇంటికెళ్ళిపోవచ్చు’ అన్నాడు. నన్ను ఒప్పించింది ఆ నాలుగున్నరే. జీతం 32,000 బాత్. అప్పట్లో బాత్ రెండు రూపాయలకి కాస్త తక్కువ. అదే బళ్ళో నా పక్క గదిలో ఇంగ్లీషు చెప్పే లండన్ ఆయనకి 40,000 ఇస్తారని తర్వాత తెలిసింది. ఆయన ‘నేటివ్’, నేను కాదు. నేను చెప్పేది న్యూటన్ సూత్రాలైనా సరే.

బడివాళ్ళు పంపిన కాగితాలు పట్టుకుని చెన్నైలో థాయ్ కాన్సులేట్‌కి వెళ్తే ‘నాన్-ఇమిగ్రెంట్ బి’ అనే వీసా ఇచ్చారు. దాని మీద దిగితే 90 రోజులు. అందరూ ఇక్కడే పొరబడతారు, నేనూ పొరబడ్డాను. వీసా వేరు, ఉండనివ్వడం వేరు. వీసా గుమ్మం దాకా తెస్తుంది, అంతే. ఆ 90 రోజుల్లో బడి మన పేరున వర్క్ పర్మిట్ తీయాలి. అప్పట్లో అది నీలం అట్ట పుస్తకం. మనం ఎవరి దగ్గర, ఏ చోట, ఏ పని చేస్తామో అందులో ఉంటుంది. సంవత్సరం మాత్రం బుద్ధుడి లెక్కలో, నాది 2558. ఆ పుస్తకం, టీచర్ల కౌన్సిల్ ఇచ్చే తాత్కాలిక అనుమతి, బడితో కాంట్రాక్టు, ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో, అద్దె కాగితం, ఇవన్నీ రెండేసి కాపీలు, ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి ఇమిగ్రేషన్ ఆఫీసులో ఇస్తే, 1,900 బాత్ కట్టించుకుని ఒక ఏడాది పొడిగింపు ముద్ర వేస్తారు. మా సాటి టీచర్లలో కొందరికి పది నెలల కాంట్రాక్టులే. ఎండాకాలం సెలవుల జీతం మిగుల్చుకోవడానికి బళ్ళు చేసే పని అది. వాళ్ళకి ముద్ర కూడా పది నెలలకే.

ముద్ర పడ్డాక కూడా ఊరుకోరు. ప్రతి 90 రోజులకీ ‘నేనింకా ఫలానా ఇంట్లోనే ఉన్నాను’ అని ఇమిగ్రేషన్‌కి చెప్పుకోవాలి. మర్చిపోతే 2,000 బాత్ జరిమానా. ఇంటి యజమాని ఇంకో కాగితం పెట్టాలి. పరాయి దేశపు మనిషి తన ఇంట్లో దిగిన 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలని 1979 నాటి చట్టం. మా ఇంటావిణ్ణి నేను ‘పా’ అంటాను, అంటే పెద్దమ్మ. నేను ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ పా కళ్ళజోడు వెతుక్కుని, ఫోన్ దూరంగా పట్టుకుని, విసుక్కుంటూ ఆ ఫారం నింపుతుంది. ‘నువ్వేం దొంగవి కాదుగా’ అంటుంది. కాదనే అంటాను.

వీటన్నిటికీ మూలం బడి. ఉద్యోగం ఏ రోజు పోతే, దేశంలో ఉండే హక్కూ ఆ రోజే పోతుంది. మొరపెట్టుకుంటే సామాను సర్దుకోవడానికి ఓ ఏడు రోజులు ఇస్తారు. దానికి కూడా 1,900.

ఇక చివరిది రీ-ఎంట్రీ పర్మిట్. ఏడాది ముద్ర చేతిలో ఉంది కదా అని దేశం దాటామా, అది అక్కడికక్కడే రద్దు. దాటేముందు ‘మళ్ళీ వస్తాను’ అని అనుమతి తీసుకోవాలి. ఒక్కసారికైతే 1,000 బాత్, ఎన్నిసార్లయినా అంటే 3,800. నేను వేసవి సెలవులకి ముందు మాత్రం 1,000 కట్టి తీసుకునేవాణ్ణి. మిగతా 2,800 అనవసరం అనిపించేది. ఎప్పుడు వెళ్తామో మనకి తెలుసు కదా.

*

నాన్న సంగతి చెప్పాలి.

నాన్న 398 టీచర్. ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. ఎనభైల్లో ఆంధ్రప్రదేశ్‌లో స్పెషల్ టీచర్లని చెప్పి నెలకి 398 రూపాయల మీద పెట్టుకున్నారు. అదే పని, అవే గంటలు, అవే పరీక్ష పేపర్లు. పక్క గదిలో ఉన్న మాస్టారిది ఉద్యోగం, వీళ్ళది 398. తర్వాత రెగ్యులర్ చేశారు కానీ, ఆ 398 ఏళ్ళని సర్వీసు కింద లెక్కేస్తారా లేదా, నోషనల్ ఇంక్రిమెంట్లు ఇస్తారా ఇవ్వరా అన్నది వాళ్ళ జీవితాల్లో తెగని దావా. మా చిన్నప్పుడు ఇంటికి ఎవరు మాస్టారొచ్చినా కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకోకముందే ఆ మాటే. ‘మన ఏళ్ళు లెక్కలోకి తీసుకుంటారంటావా?’

అందుకని నేను థాయ్‌లాండ్ వెళ్తానంటే నాన్న అడిగింది జీతం ఎంత అని కాదు. ‘పర్మనెంటా?’ అని.

‘ఏడాదికోసారి రెన్యువల్ చేస్తారు నాన్నా.’

‘అయితే 398 అన్నమాట’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ‘బి.ఎడ్. చెయ్యరా అంటే వినలేదు.’

మూడేళ్ళు పూర్తయ్యాక, 2018 ఆగస్టులో నాలుగో పొడిగింపు ముద్ర పడ్డ రోజు, ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ అని ఒకటుంది, వరసగా మూడేళ్ళు తెగకుండా ఇట్లా పొడిగింపుల మీద ఉన్నవాళ్ళు అడగొచ్చు, నాకు మూడేళ్ళు దాటాయి అని. ఆయన కాసేపు ఆగి ‘మరి ఆ మూడేళ్ళూ లెక్కలోకి తీసుకుంటారా?’ అన్నాడు.

‘తీసుకుంటారు నాన్నా, రూలే అది.’

‘అది మంచి దేశంరా’ అన్నాడు.

జీతం కూడా చూస్తారని అప్పుడు చెప్పలేదు. రెండేళ్ళపాటు నెలకి 80,000 బాత్ సంపాదించి ఉండాలి. నాది అప్పటికి 35,000. ఆ రోజు ఆయన గొంతులో ఉన్నదాన్ని పాడుచెయ్యబుద్ధి కాలేదు.

*

2019 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. రాత్రి పదకొండింటికి అమ్మ ఫోన్. నాన్నకి గుండెపోటు, గుంటూరు తీసుకెళ్తున్నారు. తెల్లారుజామున చెన్నైకి విమానం ఉంది. పా వాళ్ళబ్బాయి కారులో సువర్ణభూమిలో దింపాడు. ఆ ఎయిర్‌పోర్టులోనే, పాస్‌పోర్టు తనిఖీకి ముందు, రీ-ఎంట్రీ పర్మిట్ ఇచ్చే బల్ల ఉంటుంది. నేను దాని పక్కనుంచే నడిచి ఉంటాను. నాకు గుర్తులేదు. ఆ రాత్రిలో నాకు గుర్తున్నది ఒక్కటే, కారులో పా వాళ్ళబ్బాయి పెట్టిన ఏసీ చలి. తనిఖీ దగ్గర ఆఫీసరు బయటికెళ్ళే ముద్ర వేశాడు. ఠక్కున ఒక చప్పుడు. నాలుగు పొడిగింపుల గొలుసు ఆ చప్పుడుతో తెగింది. నాకు తెలియలేదు.

చెన్నైలో దిగి రైలు పట్టుకుని గుంటూరు చేరేసరికి నాన్న ఐసీయూలో ఉన్నాడు. ఇంకో మూడు రోజులు ఉన్నాడు. ఒకసారి కళ్ళు తెరిచి, నన్ను చూసి, ‘సెలవు పెట్టొచ్చావా?’ అన్నాడు. పెట్టలేదు. పెట్టానని చెప్పాను.

ఫిబ్రవరి మొదట్లో తిరిగొచ్చాను. గుండుతో. సువర్ణభూమిలో కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు ఇస్తే ఆఫీసరు, నాకంటే చిన్నవాడే, ఫోటో చూశాడు, నన్ను చూశాడు. తల వైపు చూపించి ‘బువత్?’ అన్నాడు. సన్యాసం తీసుకున్నావా అని. ఇక్కడ తండ్రి పోతే కొడుకు దహనం రోజున గుండు చేయించుకుని కాషాయం కట్టుకుంటాడు, ఒక్క పూటకైనా సరే. ఆ పుణ్యం తండ్రికి చేరుతుందని. నేను థాయ్‌లో ‘నాన్న పోయాడు’ అన్నాను. అతను పేజీలు తిప్పుతున్న చెయ్యి ఆపి, తల కొద్దిగా వంచాడు. నా జుట్టు ఎందుకు లేదో ఏ దేశపు ఎయిర్‌పోర్టులోనూ అంత త్వరగా ఎవరికీ అర్థమై ఉండదు.

తర్వాత మళ్ళీ పేజీలు తిప్పాడు. ముందుకీ వెనక్కీ. ‘రీ-ఎంట్రీ?’

నాకు అప్పుడు తెలిసింది.

అతను తప్పేం చెయ్యలేదు. అతని చేతిలోనూ ఏం లేదు. దూరంగా టూరిస్టులకి అక్కడికక్కడే వీసా ఇచ్చే వరస చూపించాడు. అప్పట్లో మనవాళ్ళకి ఆ దారిన 15 రోజులు. ఆ వరసలో నా ముందు ఒక పెళ్ళి బృందం, సూరత్ నుంచి అనుకుంటాను, ఫుకెట్ వెళ్తున్నారు. మూడున్నరేళ్ళుగా కాపురం ఉంటున్న దేశంలోకి వాళ్ళ వెనకాల నిలబడి టూరిస్టుగా వెళ్ళాను. 15 రోజుల్లోపు వెళ్ళిపోయే టికెట్ చూపించాలన్నారు. వరసలో నిలబడే ఫోన్లో ఒక కౌలాలంపూర్ టికెట్ కొన్నాను. ఆ విమానం నేను ఎక్కలేదు.

మర్నాడు బడికి వెళ్తే గేటు దగ్గరే మా విభాగం హెడ్ ఎదురొచ్చింది. టూరిస్టుగా ఉన్నవాడు క్లాసులో నిలబడితే బడికీ, నాకూ ఇద్దరికీ నేరమే. ఆవిడ మొహంలో చిరాకు లేదు, భయం ఉంది. కొత్త కాగితాలు నాలుగు రోజుల్లో తయారు చేయిస్తానంది. గేటు లోపల్నుంచి నా పదకొండో తరగతి పిల్లలు ‘ఖ్రూ! ఖ్రూ!’ అని చేతులూపుతున్నారు. ఖ్రూ అంటే గురువే. నేనూ చెయ్యూపి వెనక్కి వచ్చేశాను.

*

బ్యాంకాక్ నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ముక్దాహాన్. మెకాంగ్ నది ఇవతలి గట్టు. వంతెన దాటితే లావోస్‌లో సవన్నఖేత్, అక్కడ థాయ్ కాన్సులేట్. థాయ్‌లాండ్‌లో పాఠాలు చెప్పే పరాయివాళ్ళందరికీ ఈ ఊరో, వియెంతియానో ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. దేశంలో ఉండటానికి దేశం దాటి వచ్చే యాత్ర ఇది. అప్పట్లో పొద్దున కాగితాలిస్తే మర్నాడు మధ్యాహ్నం పాస్‌పోర్టు చేతికిచ్చేవారు.

కాన్సులేట్ ముందు ఫుట్‌పాత్ మీద కూచున్న వాళ్ళని చూస్తే అదొక స్టాఫ్ రూమ్. కామెరూన్ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు, ఫిలిప్పీన్స్ నుంచి కిండర్‌గార్టెన్ టీచరమ్మ, అరవై దాటిన ఇంగ్లీషాయన. ఫిలిప్పీన్స్ ఆవిడ పదమూడేళ్ళుగా ఉంటోంది. బళ్ళు మారినప్పుడల్లా గొలుసు తెగింది. ‘నాది ప్రతిసారీ మొదటి ఏడాదే’ అంది. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో రంగురంగుల చీటీలు అంటించి, ఏ కాగితం ఎక్కడుందో క్షణంలో తీస్తోంది. నా కాగితాల్లో ఒక కాపీ మీద సంతకం లేదని ఆవిడే చూసి చెప్పింది. మా అమ్మ నోములకి సామాను సర్దుకునే పద్ధతి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం నది గట్టున కూచున్నాను. అవతల థాయ్‌లాండ్ దీపాలు కనబడుతున్నాయి. నాన్న దినవారాలైపోయి అప్పటికి సరిగ్గా వారం. అంతదాకా ఏడుపు రాలేదు, అక్కడ వచ్చింది. నాన్న కోసమా, నాలుగు ముద్రల కోసమా అంటే ఏం చెప్పను? ‘మరి ఆ మూడేళ్ళూ లెక్కలోకి తీసుకుంటారా?’ అన్న గొంతే వినబడింది. తీసుకోరు నాన్నా. నిన్ను చూడ్డానికి వచ్చానుగా, పోయాయి.

కొత్త వీసా మీద మళ్ళీ 90 రోజులు. అవి మే నెలలో అయ్యాయి. అప్పుడు పొడిగింపు. అలా అమ్మ క్యాలెండర్లో సున్నా ఆగస్టు నుంచి మేకి మారింది.

*

ఆ తర్వాత నేను ఈ వీసాల సంగతిలో ఊళ్ళో పెద్దమనిషిని అయిపోయాను. కొత్తగా వచ్చిన మలయాళీ టీచర్లు, మనవాళ్ళు అడుగుతుంటారు. ఎక్కువకాలం ఉండాలంటే ఏం దారులున్నాయి అని. ఉన్నాయి, చాలా ఉన్నాయి.

ఏభై ఏళ్ళు నిండితే రిటైర్మెంట్ పొడిగింపు ఉంది. బ్యాంకులో 8 లక్షల బాత్ వేసి చూపించాలి, పని మాత్రం చెయ్యకూడదు. థాయ్ పౌరుల్ని పెళ్ళాడితే 4 లక్షలు చాలు. 2022లో పదేళ్ళ వీసా ఒకటి పెట్టారు, డబ్బున్నవాళ్ళకీ, ఏడాదికి 80,000 డాలర్ల లెక్కలో సంపాదించేవాళ్ళకీ. లక్షల బాత్ రుసుము కట్టి సభ్యత్వం కొనుక్కుంటే ఏళ్ళ తరబడి ఉండనిచ్చే పథకం ఇంకోటి. అందులో చేరినవాళ్ళని ఎయిర్‌పోర్టులో ఎదురొచ్చి తీసుకెళ్తారట. 2024లో ఐదేళ్ళ వీసా ఇంకోటి వచ్చింది. 5 లక్షల బాత్ చూపించి, లాప్‌టాప్ మీద వేరే దేశపు కంపెనీకి పని చేసుకుంటూ ఇక్కడి బీచిలో కూచోవచ్చు, ఒక్కో రాకకి 180 రోజులు. ఇక్కడి బళ్ళో పాఠం చెబితే మాత్రం అది చెల్లదు.

గమనించారా? ఇక్కడ ఏమీ చెయ్యనివాళ్ళకి ఐదేళ్ళు, పదేళ్ళు. ఇక్కడి పిల్లలకి చదువు చెప్పేవాడికి ఒక ఏడాది, అది కూడా మూడు నెలలకోసారి హాజరు వేయించుకుంటూ. నేను దీన్ని అన్యాయం అని చాలా రోజులు అరిచాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. ఏ దేశమైనా తనకేం కావాలో చూసుకుంటుంది. మనం మాత్రం రోహింగ్యా పిల్లల్ని ఏం చేస్తున్నాం? కానీ టీచర్ల కోసం అని రాసిన దారి ఒక్కటీ లేకపోవడం మాత్రం నాకిప్పటికీ వింతే.

టీచరుకి తలుపు తట్టడానికి మిగిలేది ఆ పర్మనెంట్ రెసిడెన్సీ ఒక్కటే. ఒక్కో దేశంవాళ్ళకి ఏడాదికి వందమందికే ఇస్తారు. మన దేశానికీ వందే, మనకంటే వంద రెట్లు చిన్న దేశానికీ వందే. దరఖాస్తుకి 7,600 బాత్, ఇచ్చినా ఇవ్వకపోయినా అది వాళ్ళదే. ఇస్తే ఇంకో 1,91,400. థాయ్‌లో ఇంటర్వ్యూ. నా థాయ్‌కి ఢోకా లేదు, పిల్లలు నేర్పారు. జీతమే అడ్డం. ఇప్పుడు నాది 42,000. బ్యాంకాక్‌లో ఇంటర్నేషనల్ స్కూళ్ళు 80,000 పైన ఇస్తాయి, కాకపోతే వాళ్ళడిగే టీచరు డిగ్రీ నా దగ్గర లేదు. బి.ఎడ్. చెయ్యరా అన్నాడు నాన్న.

పోనీ అదంతా దాటి దొరికిందే అనుకుందాం. చేతికి రెండు పుస్తకాలిస్తారు. ఒకటి నీలం అట్టది, ఉండటానికి. ఒకటి ఎర్ర అట్టది, పరాయివాడని నమోదు చేసుకున్నందుకు. వర్క్ పర్మిట్ అప్పుడూ కావాల్సిందే. దేశం దాటేముందు తిరిగి రావడానికి అనుమతి ముద్ర అప్పుడూ కావాల్సిందే. అది లేకుండా విమానమెక్కితే ‘పర్మనెంటు’ కూడా పోతుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది.

*

మనవాళ్ళకి ఇక్కడ ఒక పేరుంది, ఖేక్. అరబ్బుల్ని, మలయా వాళ్ళని, మనల్ని అందర్నీ కలిపి అంటారు. ఎగతాళిగానూ అంటారు, మామూలుగానూ అంటారు. ఆ మాటకి అసలు అర్థం చుట్టం. తెల్లవాడు ఫరంగ్, మనం చుట్టాలం.

2023 నవంబర్ నుంచి మనవాళ్ళకి వీసా లేకుండా 30 రోజులు రానిచ్చారు. ఆ పుణ్యాన 2024 జూన్‌లో అమ్మ వచ్చింది. మొదటి విమానం. దిగిన రాత్రే పా కళ్ళజోడు పెట్టుకుని ఫారం నింపితే, ‘నేనొచ్చానని పోలీసులకి చెబుతోందా?’ అని హడలిపోయింది. రెండో రోజుకి ఇద్దరూ సంతలో వంకాయలు బేరమాడుతున్నారు. ఇక్కడివి గుండ్రంగా, ఆకుపచ్చగా ఉంటాయి. ఒకరి మాట ఒకరికి తెలియదు. గుత్తివంకాయ మాత్రం కుదిరింది.

ఆ వారంలోనే గురువారం వాయ్ ఖ్రూ వచ్చింది. బళ్ళు తెరిచాక గురువులకి పిల్లలు మొక్కే రోజు. ఎక్కువగా గురువారమే చేస్తారు. ఎందుకో మనకి చెప్పక్కర్లేదు. అమ్మని తీసుకెళ్ళాను. పెద్ద హాలు, వేదిక మీద టీచర్లందరం వరసగా కుర్చీల్లో. పిల్లలు పాళీలో పాడుతుంటే మధ్యలో ‘ఆచరియ’ అన్నమాట తగిలి అమ్మ తల తిప్పి చూసింది. తరగతికి ఇద్దరు చొప్పున పూలపళ్ళేలు పట్టుకుని మోకాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, పళ్ళెం ఇచ్చి, తల నేలకి ఆనించారు.

అమ్మ ముందు వరసలో కూచుంది. ఒక పళ్ళెంలోకి తొంగి చూసి, నా వైపు చూసి, నోటితో చప్పుడు లేకుండా ‘గరిక’ అంది. అవును, గరికే. ఎంత తొక్కినా మళ్ళీ లేస్తుందని. నూరువరహాల పూలు, బుద్ధి సూదిలా ఉండాలని. థాయ్‌లో ఆ పువ్వు పేరే సూది. వరిపేలాలు, క్రమశిక్షణకి. వంకాయ పూలు, కాయ కాసే పువ్వు తల దించుకునే ఉంటుందని. అవన్నీ మా పెరట్లో ఉండేవే.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూచుంది. నేను ముడుపుల్లా వచ్చిన పూలు బల్ల మీద సర్దుతున్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

‘మీ నాన్నకి ఇన్నేళ్ళలో ఎవరూ ఇట్లా మొక్కలేదురా’ అంది.

‘ఊఁ.’

‘ఆ పిల్లలు తల నేలకి ఆనించారు.’

‘ఊఁ.’

‘ఇంత మొక్కేవాళ్ళు, ఉండమని ఒక కాగితం రాసియ్యరేంటి?’

మొక్కేవాళ్ళు వేరు, కాగితం రాసేవాళ్ళు వేరు అని చెప్పాను. ఆవిడకి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. ‘పోనీ నువ్వే వచ్చెయ్ రాదూ’ అని కూడా అనలేదు, నేనూ ‘పోనీ నువ్వే ఉండిపో’ అనలేదు. ఆ రెండు మాటలూ ఆ గదిలో కాసేపు అలాగే నిలబడి ఉన్నాయి. తర్వాత పా వచ్చి తలుపు కొట్టింది, గుత్తివంకాయ గిన్నె తిరిగివ్వడానికి. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో రెండు మామిడిపళ్ళు పెట్టింది. ‘చూశావా, మన పద్ధతే’ అని అమ్మ లేచింది.

*

ఈ మే నెలలో, అంటే 2025లో, మళ్ళీ ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళాను. టోకెన్ 46. మధ్యాహ్నం మూడింటికి పొడిగింపు ముద్ర పడింది. బయటికి రాకుండా సరాసరి పక్క కౌంటర్ దగ్గరికెళ్ళి రీ-ఎంట్రీ ఫారం తీసుకున్నాను. ఎన్నిసార్లయినా అన్న గడిలో టిక్కు పెట్టి 3,800 ఇచ్చాను. 2019 నుంచి ఇదే వరస. ముందు ఆ ముద్ర, వెంటనే ఈ ముద్ర. కౌంటర్లో అమ్మాయి అలవాటుగా అడిగింది, ఎప్పుడు వెళ్తున్నారు అని. తెలియదన్నాను. ఆవిడ తలెత్తి చూసింది. ‘ఊళ్ళో మా అమ్మ ఉంది’ అన్నాను. తల వంచి ముద్ర వేసింది.

మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను.

‘అయిందా?’ అంది అమ్మ.

‘అయింది.’

‘ఎప్పటిదాకా?’

చెప్పాను. పెన్ను కోసం డబ్బాలు కదుపుతున్న చప్పుడు. తర్వాత కాగితం తిప్పుతున్న చప్పుడు.

‘వచ్చే ఏటి క్యాలెండర్ ఇంకా రాలేదు కదరా. డిసెంబర్ కాగితం వెనకాల రాసిపెడతాన్లే’ అంది.